నన్నడిగినవా?

మా కాలేజీ గంట పొద్దున పదింటి నుంచి ఎనిమిదింటికి మారిందని నోటీసు బోర్డుకు కాగితం అంటించిన రోజు, జహీరాబాద్‌లో ఆ ఏటి తొలి పెద్దవాన కురిసింది. తడిసిన చున్నీ పిండుకుంటూ ఆ కాగితం చదివాను. అక్కడే వరండా మెట్టెక్కి మాట్లాడటం మొదలుపెట్టాను.

"మన ఊర్ల బస్సు టౌన్ల దిగేసరికి తొమ్మిదిన్నర అయితది. ఎనిమిదింటికి క్లాసంటే మనం ఎట్ల రావాలె? ఎగిరి రావాలెనా?"

ఆ వాన హోరులో కూడా నా మాట గేటుదాకా వినిపించింది. బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను, విద్యార్థి కమిటీకి అధ్యక్షురాలిని, పైగా గొంతున్నదాన్ని. ఎత్తు మీద నిలబడి కిందున్న తలలను చూస్తుంటే నాకు ఒళ్లంతా తేలికైపోయేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

మాది ప్రైవేటు కాలేజీ. మధ్యాహ్నం నుంచి గదులన్నీ ఒక కోచింగ్ సెంటరుకు కిరాయికిచ్చి, మా చదువును పొద్దుటికి నెట్టారు. అందరికీ తెలిసిన సంగతే. నోటీసులో మాత్రం 'విద్యార్థుల ప్రయోజనార్థం' అని రాశారు. ఝరాసంగం, రాయికోడ్ వైపు పల్లెల అమ్మాయిలకు ఉన్న దారి ఆ ఒక్క బస్సే, ఆడవాళ్లకు టికెట్ లేని బస్సు. అది కాదంటే చీకటితోనే లేచి, కిక్కిరిసిన షేర్ ఆటోలో ఇరుక్కుని రావాలి. నీళ్లు పట్టి, రొట్టెలు చేసి, తల్లిని కూలికి పంపి బయల్దేరే పిల్లకు అది అయ్యే పని కాదు. మొదటి పీరియడ్లు పోతే హాజరు తగ్గుతుంది. హాజరు తగ్గితే హాల్ టికెట్ రాదు. అది రాకపోతే ఇంట్లో సంబంధాల మాట మొదలవుతుంది.

"గంట మార్చాలె!" అన్నాను.

"మార్చాలె!" అన్నారంతా.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మా నాయిన సాయన్న చాలా రోజుల తర్వాత నవ్వుతూ కనిపించాడు. మా ఊరి నుంచి జహీరాబాద్‌కు షేర్ ఆటో నడుపుతాడాయన. ఆడవాళ్లకు బస్సు ఉచితమైనప్పటి నుంచి ఆయన ఆటో స్టాండులో ఊరికే నిలబడి ఉంటోంది.

"రేపటి సంది పొద్దుగాల ట్రిప్పు దొరికింది" అన్నాడు అమ్మతో. "కాలేజీ పోరలంతా ఇగ ఆటోలకే వస్తరు."

"ఆ గంట మార్పిస్తున్నం నాయినా" అన్నాను చెప్పులు విడుస్తూ. "సోమవారం సంది ధర్నా."

నాయిన నవ్వు ఆగిపోయింది. "నీ కొట్లాట గెలిస్తే నా ట్రిప్పు పోతది. ఎరుకేనా?"

"ఎరుకే. అయితే ఏంది? ఒక్క ఆటో కోసం ఇంతమంది ఆడపిల్లల సదువు ఆగాలెనా? పేదోళ్ల బిడ్డలు ఎప్పటికీ..."

"గట్ల ఒర్లకు. ఇది మీటింగ్ కాదు, ఇల్లు. నేను వద్దంటలే. నన్నొక మాట అడిగినవా అంటున్న."

"అడిగేదేమున్నది? న్యాయం న్యాయమే."

అమ్మ రొట్టె తిప్పుతూ మా ఇద్దరినీ చూసింది. "జర తినుండ్రి, సల్లారుతది" అంది. నాయిన తినకుండానే లేచి ఆటో తుడవడానికి వెళ్లాడు. నేను గెలిచాననుకుని తిన్నాను.

మా కమిటీ వాళ్లను శోభారాణి మేడం ప్రతి శనివారం క్లాసులయ్యాక ఒక ఖాళీ గదిలో కూర్చోబెట్టేది. మాకు రాజనీతి శాస్త్రం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ ఆమె. ఆ గదిలో ఒకటే నియమం. ఆ వారంలో మనం ఏం చేశామో, చేసేటప్పుడు లోపల ఏమనిపించిందో చెప్పాలి. ప్రతి వాక్యం 'నేను'తో మొదలవ్వాలి. 'వాళ్లు' అన్న మాట వాడకూడదు.

ధర్నాకు ముందు శనివారం నా వంతు రాగానే, "నేను ప్రిన్సిపాల్ మీద కొట్లాడుతున్న" అన్నాను. అందరూ నవ్వారు.

మేడం నవ్వలేదు. "అది ప్రిన్సిపాల్ సంగతి. నీది చెప్పు. కొట్లాడేటప్పుడు నీకు ఎట్లుంటది మహేశ్వరీ?"

"మంచిగుంటది" అన్నాను. నోరు జారి వచ్చేసిందా మాట. మళ్లీ నవ్వులు. నాకు ముఖం మండింది. "మంచిగుంటే తప్పా మేడం?"

"తప్పని ఎవరన్నరు? ఉన్నదని తెలిసి ఉండు. తెల్వకుంటే అదే నిన్ను తోలుకపోతది."

బయటికొచ్చాక కమిటీ వాళ్లతో, "కాంట్రాక్టు నౌకరి, పాపం. భయం. మనల్ని మెత్తగ చెయ్యనీకి చూస్తది" అన్నాను. ఆ మాటకు అందరూ తలూపారు. తలూపించడం నాకు బాగా వచ్చు.

సోమవారం గేటు ముందు కూర్చున్నాం. వాన పడుతూ ఆగుతూ ఉంది. ప్రిన్సిపాల్ జగన్‌మోహన్ సార్ పైఅంతస్తు కిటికీలో ఒకసారి కనిపించి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం లోకల్ చానెల్ విలేకరి ఫోన్ పట్టుకుని వచ్చాడు. నేను మాట్లాడాను, నినాదాలిచ్చాను. అయినా ఏదో తక్కువైనట్టు అనిపించింది. పక్కనే మా ఊరి ప్రియాంక కూర్చుని ఉంది. నాకంటే ఒక ఏడు చిన్న. తండ్రి లేడు. తల్లి హనుమమ్మ కూలికి పోతుంది. ప్రియాంక ఎక్కువగా మాట్లాడదు, ఎవరైనా గట్టిగా అడిగితే కళ్లలో నీళ్లొస్తాయి.

ఆమె చెయ్యి పట్టి లేపి ఫోన్ ముందు నిలబెట్టాను. "చెప్పు ప్రియాంకా. మీ ఇంట్ల ఎట్లుంటదో చెప్పు."

ప్రియాంక చెప్పింది. పొద్దున పని ఒడిసేసరికి ఎంత పొద్దెక్కుతుందో, క్లాసుకు వచ్చేసరికి హాజరు ఎట్లా పోతుందో, బాబాయిలు ఇక చదువు చాలంటున్నారని. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆ వీడియో సాయంత్రానికల్లా జహీరాబాద్‌లో అందరి ఫోన్లలోకి వెళ్లింది. పక్క మండలం మొగుడంపల్లి నుంచి కూడా ఎవరెవరో ఫోన్ చేసి, "సూపర్ మహేశ్వరీ" అన్నారు. నేను ఆ వీడియోను ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు.

మరుసటి రోజు ప్రియాంక రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

వారం దాటాక వాళ్ల చేను దగ్గరికి వెళ్లాను. నాయినే ఆటోలో తీసుకెళ్లాడు. "ఎవలింటికి పోతున్నవ్?" అని మాత్రం అడిగాడు, చెబితే బండి తిప్పాడు. ధర్నా మొదలైనప్పటి నుంచి మా ఇద్దరి మధ్య మాటలు అంతమాత్రమే. ఆటోను బాట మీద ఆపి ఆయన అక్కడే ఉండిపోయాడు. నేను గట్టు దిగాను.

పత్తిచేనులో హనుమమ్మ, ప్రియాంక కలుపు తీస్తున్నారు. దారంతా నేను మాటలు పేర్చుకుని వచ్చాను. ఆడపిల్ల చదువు గురించి, ధైర్యం గురించి. నిలబడి మొత్తం చెప్పాను. హనుమమ్మ తల ఎత్తి విని, "దాని బాబాయిలు చూసిన్రు ఆ సినిమా. మా ఇంటి గోస ఊరంతా పెట్టినవని నన్నన్నరు. ఇగ నాతోని కాదు బిడ్డా" అని తన సాలులోకి వెళ్లిపోయింది.

ప్రియాంక మాత్రం కలుపు గడ్డి చేతిలో అలాగే పట్టుకుని నిలబడింది. ఆమె గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను.

"నేను వద్దన్న అక్కా."

"ఏంది?"

"నా చెయ్యి గుంజినప్పుడు వద్దన్న. మల్లొక్కసారి గూడ అన్న. నీకు వినపడలే."

"నువ్వు అనలే ప్రియాంకా. అంటే నేను..."

"నువ్వు గేటు కాడ ఉన్న అందర్ని చూస్తున్నవ్. నన్ను చూస్తలేవ్." గడ్డిని గట్టు మీదికి విసిరింది. "మా ఇంటి సంగతి చెప్పాల్నా వద్దా నేను అనుకోవాలె గద. నువ్వెట్ల అనుకుంటవ్?"

ఆటో దగ్గరికి వచ్చి వెనక సీట్లో కూర్చున్నాను. నాయిన స్టార్ట్ చేయబోతుంటే ఆగమని, ఫోన్ తీసి ఆ వీడియో పెట్టాను. అన్నిసార్లు చూసినా ప్రతిసారీ చూసింది నన్నే, నా వెనకున్న గుంపునే. ఈసారి ప్రియాంకను మాత్రమే చూశాను.

మొదట్లోనే ఉంది. నినాదాల హోరులో పెదాలు కదులుతున్నాయి. వద్దక్కా. నేను చెయ్యి గుంజుతున్నాను. మళ్లీ పెదాలు కదులుతున్నాయి. ఆమె ఏడుస్తున్నప్పుడు నేను పక్కన నిలబడి, విలేకరి ఫోన్ సరిగ్గా తీస్తోందా లేదా అని చూస్తున్నాను. నా పెదవి కొసన చిన్న నవ్వు ఉంది. పని అయిందన్న నవ్వు.

"ఏమైంది?" అన్నాడు నాయిన అద్దంలోంచి.

"ఏం లేదు. పోదాం పా."

ఆటో కదిలింది. బాట పక్కన కందిచేలు తడిసి నిగనిగలాడుతున్నాయి. ఊరు వచ్చేదాకా నాయిన రెండుసార్లు అద్దంలో చూశాడు. నేను అంతసేపు ఊరుకోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు.

ఆ శనివారం మళ్లీ నా వంతు వచ్చింది.

"నేను ప్రియాంక చెయ్యి గుంజిన" అన్నాను. "నేను ఆమెను అడగలే. నేను మా నాయినను గూడ అడగలే. నేను ఎవ్వల్నీ అడగ, చెప్త. అందరు ఊ అంటుంటే నాకు మంచిగుంటది. ఆ మంచిగుండుడు కోసం ప్రియాంక ఏడుపును వాడుకున్న."

చెప్పాక ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఒళ్లు మాత్రం వేడెక్కింది, జ్వరం వచ్చినట్టు.

మేడం అడిగింది. "అయితే ధర్నా ఆపేస్తవా?"

"ఎందుకాపుతా మేడం?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేను తప్పు చేసిన. గంట మార్చింది తప్పు కాకుండ పోతదా? ఆప. గని ఈసారి అడిగి కొట్లాడుతం."

అడగడం మొదలుపెట్టాక తెలిసింది, మేం ఇన్నాళ్లూ ఎవరి తరఫున అరుస్తున్నామో మాకే తెలియదని. సైన్సు గ్రూపు నందిని టౌను అమ్మాయి, గంట మారాక మధ్యాహ్నాలు బట్టల దుకాణంలో పనికి కుదిరింది. "ఎనిమిదింటి గంట పోతే నా నౌకరి పోతది. మీ ధర్నాకు నేనెందుకు రావాలె?" అంది నా ముఖం మీదనే. అలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు. టౌను పిల్లలకు మా మీద కోపంగా ఉందని ప్రిన్సిపాల్ అంటుంటే అబద్ధమనుకున్నాను ఇన్నాళ్లూ. అందులో నిజం ఉంది. ఆ నిజాన్ని ఆయన అడ్డుపెట్టుకున్నాడు, మేం దాన్ని చూడనే లేదు.

గేటు ముందు కూర్చోవడం కొన్నాళ్లు పక్కనబెట్టి, తరగతుల్లో, బస్సులో, స్టాండులో కూర్చుని మాట్లాడాం. చివరికి మా డిమాండు మారింది. పొద్దుటి గంట ఉండనీ. బస్సుకొచ్చే వాళ్లకు పదింటికి రెండో బ్యాచ్ పెట్టాలి. మధ్యాహ్నం రెండు గదులు కోచింగ్ సెంటరుకు ఇవ్వకుండా మాకు వదిలేస్తే చాలు. ఇప్పుడు నందిని కూడా మాతో కూర్చుంటానంది.

ఇంట్లో అడగడానికి ఇంకో రెండు రోజులు పట్టింది నాకు. నాయిన ఆటో చక్రానికి గాలి చూస్తుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను.

"నాయినా, నిన్నొక మాట అడగాలె."

"అడుగు."

"రెండో బ్యాచ్ వస్తే నీ పొద్దుటి ట్రిప్పుల సగం మంది తగ్గుతరు. నేను కొట్లాడాల్నా, వద్దా?"

ఆయన చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. లోపలికి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాడు.

"స్టాండ్ల అందరు నన్ను అంటున్నరు" అన్నాడు. "నీ బిడ్డే మన నోట్ల మన్ను కొడ్తుందని. పడుతున్న. గని పొద్దుగాల ఆటోల ఆ పిల్లలు ఒకల మీద ఒకలు కూసుంటరు. జాగ లేకుంటే ముంగల నా పక్కకు ఒక ఆడపిల్లను కూసోబెట్టుకోవాలె. అది సంచి అడ్డం పెట్టుకుని, రోడ్డు దిక్కు ఒరిగి కూసుంటది టౌను వచ్చేదాక. నాకే మంచిగనిపిస్తలే బిడ్డా." కండువాతో చేతులు తుడుచుకున్నాడు. "పోతే పోనీ సగం ట్రిప్పు. కొట్లాడు. స్టాండోళ్లకు నేను జవాబు చెప్పుకుంట."

"నన్నెవ్వలు అడగరా?" అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "ఈ ఇంట్ల రొట్టెలు చేసేదాన్నేనా?"

"అడుగుతున్న అమ్మా. నువ్వు చెప్పు."

అమ్మ పిండి చేతులతోనే బయటికొచ్చింది. "ఏమన్న చెయ్యి. ఆ సారు కాళ్లు మాత్రం పట్టుకోకు. పట్టుకున్నవంటే ఇంటికి రాకు." అని లోపలికి వెళ్లిపోయింది. నాయిన, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాయినకు నవ్వాగలేదు.

ప్రియాంక దగ్గరికి మళ్లీ వెళ్లాను, ఈసారి మాటలేమీ పేర్చుకోకుండా. "నీ చెయ్యి గుంజింది తప్పు. నీ మాట వినకపోయింది తప్పు. ఆ వీడియో తీసెయ్యమని విలేకరికి చెప్పిన. తన దాంట్ల తీసేసిండు. వేరేటోళ్ల ఫోన్లల్ల ఉన్నది నాతోని కాదు" అన్నాను. వెళ్లొస్తానంటే తలూపింది, అంతే. కాలేజీకి రమ్మని నేను అడగలేదు.

ధర్నా నడిపించానని ఆ వారమే నన్ను సస్పెండ్ చేశారు. తండ్రిని తీసుకుని రమ్మని కబురొచ్చింది.

జగన్‌మోహన్ సార్ గదిలో ఏసీ చల్లగా ఉంది. నాయిన ఖాకీ చొక్కాతోనే వచ్చాడు, కుర్చీ చూపించినా కూర్చోలేదు. గోడ పక్కన శోభారాణి మేడం నిలబడి ఉంది. సార్ టైపు చేసిన కాగితం ఒకటి నా ముందుకు జరిపాడు. పైన 'ఆత్మపరిశీలన పత్రం' అని ఉంది. గంట మార్పుకు వ్యతిరేకంగా ధర్నా చేయడం తప్పని, తోటి విద్యార్థులను తప్పుదోవ పట్టించానని, ఇకపై ఏ ఆందోళనలోనూ పాల్గొననని ఆ కాగితం చెబుతోంది. కింద నా పేరు, సంతకానికి జాగా.

"ఇందులో కొత్తేమీ లేదమ్మా" అన్నాడు సార్ మెత్తగా. "శనివారం నువ్వు చెప్పిన మాటలే. తప్పు చేశానని నువ్వే ఒప్పుకున్నావట కదా. మేడం చెప్పారు. ఆత్మపరిశీలన చాలా మంచి లక్షణం. దాన్నే కాగితం మీద పెట్టు. సస్పెన్షన్ రేపే ఎత్తేస్తా, హాల్ టికెట్ ఆగదు."

నేను మేడం వైపు చూశాను. ఆమె నేల చూస్తోంది.

కోపం వస్తోందని నాకు స్పష్టంగా తెలిసింది. అరవాలనిపించింది. అరిస్తే ఎంత బాగుంటుందో కూడా తెలిసింది. ఒక నిమిషం ఆగాను.

"ఒప్పుకున్న సార్" అన్నాను. "ప్రియాంక చెయ్యి గుంజింది తప్పు. ఆ మాట ప్రియాంక ముంగల చెప్పిన. మా నాయినను అడగకపోయింది తప్పు. ఆయన ముంగల చెప్పిన. మీకు నేను ఏం తప్పు చేసిన సార్? బస్సు లేని టైముకు గంట పెట్టింది నేనా?"

"మాటలు జాగ్రత్త."

"జాగ్రత్తగనే చెప్తున్న. నా తప్పులు నావి. వాటిని మీకెందుకు అమ్ముకుంట? మీ కాగితంల నా తప్పు ఒక్కటి గూడ లేదు. ఉన్నదంతా మీకు కావల్సింది."

సార్ నాయిన వైపు తిరిగాడు. "సాయన్నా, నువ్వన్నా చెప్పు నీ బిడ్డకు. ఈ గంట వల్ల బాగుపడింది మీ ఆటోలే కదా. పరీక్ష పోతే ఏడాది పోతుంది."

నాయిన ముందుకొచ్చాడు. పెద్దవాళ్ల గదుల్లో ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"నన్నడిగింది సార్" అన్నాడు. "నేను ఊ అన్న."

అంతే అన్నాడు. నమస్తే పెట్టి తలుపు తీశాడు. నేను ఆయన వెనకాలే నడిచాను. కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

తర్వాతి శనివారం గదికి తాళం వేశారు. శనివారం కూర్చోవడాలు ఇక వద్దని మేనేజ్‌మెంట్ ఆర్డరట. మేడం మమ్మల్ని గేటు బయట, మూసేసిన టీ కొట్టు రేకుల కిందికి రమ్మంది. మొదటి మాట ఆమే చెప్పింది.

"నేను భయపడ్డ. శనివారం ఏం మాట్లాడుకుంటరని సార్ అడిగితే, నా నౌకరి పోతదని భయపడి చెప్పిన. మీరు మంచి పిల్లలని చూపిస్తే మీ మీద కోపం తగ్గుతదని గూడ అనుకున్న. గని మొదలు భయమే. సార్ గదిల నోరు తెరవకపోయింది గూడ భయమే. ఇప్పుడు గూడ ఉన్నది, అయినా వచ్చిన."

కమిటీలో ఒకడు కోపంగా లేచాడు. "ఇగ ఈ కూసునుడు బంద్ చేద్దాం. మనం చెప్పిందే మన మీదకు వస్తుంది."

"బంద్ చెయ్యొద్దు" అన్నాను. మేడం మీద నాకు ఇంకా కోపం ఉంది, అది కూడా చెప్పాను. "గని దాసుకుంటే ఆ సారుకు భయపడ్డట్టే. మనం ఏందో మనకు ముందే ఎరుకైతే, ఆయన కొత్తగ చెప్పేదేమున్నది?"

రెండో ధర్నా వినాయక చవితి వెళ్లాక పెట్టాం. నేను సస్పెన్షన్‌లో ఉన్నాను కాబట్టి గేటు దగ్గరికి రాకూడదు. రోడ్డుకు అవతల, కంకర కుప్ప పక్కన నిలబడ్డాను. లారీలు అడ్డం వచ్చినప్పుడల్లా వాళ్లు కనిపించకుండా పోయేవారు. నందిని కూర్చుంది, టౌను పిల్లలు కూర్చున్నారు. మా ఊరి బస్సు వచ్చి ఆగింది. అమ్మాయిలు దిగారు. వాళ్ల వెనకాల ప్రియాంక దిగింది. పక్కన హనుమమ్మ.

నాకు పరుగెత్తి వెళ్లాలనిపించింది. వెళ్లలేదు.

ప్రియాంక ఎవరూ పిలవకుండానే ముందుకెళ్లి మైకు తీసుకుంది. ఏడవలేదు. "మా ఇంటి సంగతి మీకందరికి తెలిసింది. ఇగ నాకు దాసేది లేదు. మాకు పదింటి బ్యాచ్ కావాలె. ఇచ్చేదాక లేవం" అంది. మైకు పక్కనున్న అమ్మాయికి ఇచ్చి తల్లి పక్కన కూర్చుంది. తలలు ఊగాయో లేదో నాకు కనిపించలేదు. అప్పుడే ఒక లారీ అడ్డం వచ్చింది.

టౌను, పల్లె కలిసి కూర్చునేసరికి సార్‌కు చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. దసరా సెలవులయ్యాక పదింటి బ్యాచ్ మొదలైంది. నాయిన పొద్దుటి ట్రిప్పు సగానికి పడిపోయింది. ఇంట్లో ఆ లోటు తెలిసింది. మధ్యాహ్నాలు ఆయన కూరగాయల బస్తాలు తోలడం మొదలుపెట్టాడు. ఎందుకు కొట్లాడినవని మాత్రం ఒక్కరోజూ అనలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఏ చిన్న పనికైనా, "అడుగుండ్రి, నన్ను అడుగుండ్రి" అని అమ్మ ముందే అరిచేది.

నా సస్పెన్షన్ మాత్రం ఎత్తలేదు. యూనివర్సిటీకి అర్జీ పెట్టాం. జవాబు వచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి. ఆ పేపర్లన్నీ మరుసటి ఏడు రాసి పాసయ్యాను.

నేను రాయని ఆ పరీక్షల మొదటి రోజు, లోపలికి రానివ్వరని తెలిసే, నేనూ బస్సెక్కి కాలేజీ గేటుదాకా వెళ్లాను. అమ్మాయిలు దారంతా ప్రశ్నలు వల్లె వేసుకుంటుంటే వింటూ కూర్చున్నాను. గేటు దగ్గర ప్రియాంక నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేసి లోపలికి వెళ్లింది. అందరూ వెళ్లారు. గంట కొట్టారు. రోడ్డు మీద ఎవరూ లేరు. వాచ్‌మన్ కూడా నీళ్లు తాగడానికి పోయాడు.

అప్పుడు జగన్‌మోహన్ సార్ కారు వచ్చి నా పక్కన ఆగింది. అద్దం దిగింది. ఆయన చేతిలో అదే కాగితం, పైన నా హాల్ టికెట్.

"ఇంకా టైముంది మహేశ్వరీ. ఎవరికీ తెలియదు. సంతకం పెట్టి లోపలికి పో. నీ మంచికే చెబుతున్నా."

నేను ఆ కాగితం వైపు చూశాను. లోపల ఏముందో వెతుక్కున్నాను. భయం ఉంది. పరీక్ష పోతుందన్న బాధ ఉంది. ఆయన నా మీద జాలిపడుతున్నందుకు మంట ఉంది. గర్వం కోసం వెతికాను, ఎందుకంటే వద్దనడం నాకు ఇష్టమైన పని. కానీ అక్కడ వినేవాళ్లు ఎవరూ లేరు. ఫోన్ పట్టుకున్నవాళ్లు లేరు. నా వెనక ఖాళీ రోడ్డు, తడి ఆరని కంకర. అయినా నాకు ఆ సంతకం పెట్టాలనిపించలేదు.

"వద్దు సార్" అన్నాను.

చాలా చిన్నగా అన్నాను. ఆయనకు వినపడింది.